దేవాంగ పిల్లి, కొండ పిగిలి

 

ఎమ్మెస్సీ జువాలజీ వైవాలో నన్ను దేవాంగ పిల్లి గురించి అడిగారు. గడగడా అప్పజెప్పాను: క్షీరదం, ప్రైమేట్ల క్రమం, లోరిసిడే కుటుంబం, లోరిస్ టార్డిగ్రాడస్. పేరులో పిల్లి ఉంది గానీ, చుట్టరికం కోతులతో, మనతో. తర్వాత ఆ శాస్త్రీయ నామం శ్రీలంక జంతువుకే మిగిలింది. మనదాన్ని లోరిస్ లిడెక్కెరియానస్‌గా విడదీశారు. నా మార్కులు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

మరుసటి నెల హార్స్‌లీ కొండకు వెళ్ళాను. బండల మధ్య పొదలోంచి పిట్ట కూత. తలెత్తి చూడకుండానే నోటుబుక్కులో 'పిగిలి పిట్ట' అని రాసేశాను. మేకలు కాసే పెద్దాయన నవ్వాడు. "ఊర్లో పిగిలి కాదు సామీ ఇది, గొంతు చూడు." చూశాను. పసుపు ముద్దలో మెడ ముంచి తీసినట్టుంది. తోక కింద ఎరుపు లేదు, అక్కడా పసుపే. కొండ పిగిలి. పాసెరిఫార్మిస్ క్రమం, పిక్నోనోటిడే కుటుంబం, పిక్నోనోటస్ శాంతోలేమస్. దక్షిణాది రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

ఇక నా చాదస్తం. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో దేవాంగ పిల్లిది 'నియర్ థ్రెటెన్డ్' గడి. ఈ పిట్టది అంతకంటే ఒక మెట్టు ముదిరిన 'వల్నరబుల్'. అయినా పావు కిలో జంతువు గుండ్రటి కళ్ళేసుకుని చూస్తే మనం కరిగిపోతాం. తమిళనాడు 2022లో కడవూరు అడవుల్లో దానికోసం అభయారణ్యమే ప్రకటించింది. సంతోషం. పిట్ట దగ్గరికొచ్చేసరికి "పిగిలే కదా, పెరట్లో బోలెడు" అంటాం. పెరట్లో ఉన్నది దాని చుట్టం. ఇది బతికే రాతి గుట్ట మన లెక్కలో బంజరు. క్వారీ వాళ్ళు గ్రానైటు కోసుకుపోతుంటే అడిగే దిక్కుండదు.

ఏమర్రా, నవ్వుతున్నారు? మీ ప్రాజెక్టు రిపోర్టులు చదివాను. ముప్పై పేజీల్లో ఒక్క పూట గుట్ట ఎక్కిన ఆనవాలు లేదు. ఒకరైతే కొండ పిగిలి అని రాసి, ఊరి పిగిలి ఫొటో అంటించారు. పేరు చెప్పను. మూడో వరసలో తల దించుకున్నారు, చాలు.

పట్టాలు పుచ్చుకుని వెళ్ళేటప్పుడు గేటు పక్క వేపచెట్టు కింద ఒక్క నిమిషం ఆగండి. పొద్దుటి నుంచి అక్కడ ఏదో పిట్ట కూస్తోంది. చూసి పేరు చెప్పినవాళ్ళకు కాఫీ నేనిప్పిస్తాను. వినేసి చెప్పేవాళ్ళకు లేదు.