కంటి అంచనా, టేపు లెక్క

(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

పంట పోయినప్పుడల్లా మన వినతిపత్రంలో ఒక మాట తప్పకుండా ఉంటుంది: నష్టాన్ని శాస్త్రీయంగా లెక్కించాలి. ఆఫీసుకు వెళ్తే అక్కడా అదే మాట, శాస్త్రీయంగానే లెక్కించామంటారు. బీమా కంపెనీ వాళ్లదీ అదే మాట. ముగ్గురం ఒకే మాట అంటున్నాం, కానీ ముగ్గురి లెక్కలూ వేరు. అందుకని ఈ పూట ఆ మాటకు అర్థమేమిటో, ఎక్కడ మన అభిప్రాయం పక్కన పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో మాట్లాడుకుందాం. పెద్ద పుస్తకాల జోలికి పోనక్కర్లేదు. మన మడిలోనే జరిగే పంట కోత ప్రయోగం చాలు.

దానికి ముందు ఏముండేది? అణావారీ. పూర్తి పంటకు 16 అణాలనుకుని, అధికారి గట్టు మీద నిలబడి చూసి ఇది పదణాల పంట, ఇది ఆరణాల పంట అని రాసేవాడు. శిస్తు తగ్గించాలా వద్దా అనేది ఆ కంటి చూపు మీద ఆధారపడేది. ఆ అధికారి దొంగ కాకపోయినా లెక్క తప్పుతుంది, ఎందుకంటే కన్ను ఒంటరిగా చూడదు. నిరుటి పంట గుర్తు చూస్తుంది, పైవాళ్లు ఏం రాస్తే ఒప్పుకుంటారో అనే భయం చూస్తుంది. రైతు కన్నూ అంతే. ఒకే చేను చూసి అమ్మేవాడు 30 బస్తాలంటాడు, గుత్తకు కోసేవాడు 22 అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరికి కావాల్సింది వాళ్లకు కనపడింది.

దీనికి విరుగుడు మన దేశంలోనే, వరి పొలాల్లోనే వెతికారు. 1923 నుంచి 1925 వరకు బిహార్-ఒరిస్సా రాష్ట్రంలో హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి ఎకరంలో 3,200వ వంతు ఉండే చిన్న చిన్న ముక్కలు కోయించి తూయించాడు. (ఆయనే తర్వాత ఒరిస్సాకు తొలి గవర్నర్ అయ్యాడు.) ముఖ్యమైన సంగతేమిటంటే, ఏ ముక్క కోయాలో మనిషి ఎంచుకోకూడదన్నాడు, చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా రావాలన్నాడు. 1931లో కలకత్తాలో స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ ఈ దారినే బెంగాల్ జనుము లెక్కలకు, ఆ తర్వాత వరికీ పెద్ద ఎత్తున వాడారు.

ఇప్పుడు మన ఊళ్లో జరిగేది దాని కొనసాగింపే. ముందు సర్వే నంబరు యాదృచ్ఛిక సంఖ్యతో వస్తుంది. పొలానికి వెళ్లాక నైరుతి మూలలో నిలబడాలి. పొడవుకు ఇన్ని అడుగులు, వెడల్పుకు ఇన్ని అడుగులు అని ఇంకో జత సంఖ్యలుంటాయి. అవి ఎక్కడికి తీసుకెళ్తే అక్కడ వరికి 5 మీటర్లు, 5 మీటర్ల చదరం గుర్తించి కోయాలి. అక్కడ చేను పడిపోయి ఉన్నా, పల్చగా ఉన్నా, బ్రహ్మాండంగా ఉన్నా అక్కడే. పంట బాగాలేదు కదా, పక్కకు జరుగుదాం అనడానికి వీల్లేదు. రోడ్డు పక్క చేను అయితే తొందరగా అయిపోతుందనేది అధికారి కోరిక. బాగా దెబ్బతిన్న మడిలో కోయాలనేది రైతు కోరిక. ఏపుగా ఉన్నచోట కోయాలనేది కంపెనీ మనిషి కోరిక. ఆ సంఖ్య ఈ ముగ్గురిలో ఎవరికీ చుట్టం కాదు. దాని విలువంతా అక్కడే ఉంది.

కానీ మిత్రులారా, సంఖ్య చోటు చూపించినంత మాత్రాన పని అయిపోలేదు. తాడు కట్టాక అంచు మీద పడే దుబ్బు లోపలిదా, బయటిదా? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. 1940ల్లో సుఖాత్మే అనే శాస్త్రవేత్త మహలనోబిస్ చిన్న ముక్కల పద్ధతిని ప్రశ్నించింది ఇక్కడే. ముక్క ఎంత చిన్నదైతే దిగుబడి అంత ఎక్కువ వస్తున్నట్టు తేలింది. భూమి మారలేదు, పంట మారలేదు. కోసే మనిషి చెయ్యి అంచు మీది దుబ్బును వదలలేక లోపలికి లాగుతోంది, అంతే. మోసం చేద్దామని కాదు. కళ్ల ముందు గింజ ఉంటే వదిలి రావడం రైతు చేతికి గానీ కూలీ చేతికి గానీ అలవాటు లేదు కదా!

లెక్క వేసి చూడండి. ఒక మీటరు చదరం చుట్టూ 10 సెంటీమీటర్లు అదనంగా కోశామనుకోండి, అది 1.2 మీటర్ల చదరం అవుతుంది. అంటే 44 శాతం ఎక్కువ చోటు కోసినట్టు. 5 మీటర్ల చదరానికి అదే 10 సెంటీమీటర్లు కలిస్తే 8 శాతం ఎక్కువ. పెద్ద ముక్క మేలు అనడానికి కారణం ఇదే. అయినా 8 శాతం మిగిలే ఉందని గుర్తుంచుకోండి.

ఆ 8 శాతం మన ఇంటికి ఎలా వస్తుందో చూద్దాం. ఫసల్ బీమా సూత్రం ప్రకారం హామీ దిగుబడి కన్నా వచ్చిన దిగుబడి ఎంత శాతం తగ్గితే, బీమా మొత్తంలో అంత శాతం ఇస్తారు. ఉదాహరణకు హామీ దిగుబడి ఎకరాకు 1,800 కిలోలు, బీమా మొత్తం 40,000 రూపాయలు అనుకుందాం. నిజంగా వచ్చింది 1,620 కిలోలు. పది శాతం లోటు, 4,000 రూపాయలు రావాలి. అంచు దుబ్బులు కలిసి దిగుబడి 1,752గా నమోదైతే? లోటు 48 కిలోలు. చేతికొచ్చేది 1,067 రూపాయలు. ఎవరూ లంచం తీసుకోలేదు, ఎవరూ కాగితం మార్చలేదు. నాలుగు పక్కలా బెత్తెడు జాగా, అంతే.

ఇంకోటి. 25 చదరపు మీటర్లంటే ముప్పాతిక సెంటు కూడా కాదు. ఆ ముక్కలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరాకు 162 కిలోలు, అంటే రెండు బస్తాల పైన. పంచాయతీ యూనిట్‌గా ఉన్న పంటకు కనీసం 4 ప్రయోగాలు చేయాలని నిబంధన. నాలుగూ కలిపితే రెండున్నర సెంట్లు. ఊరంతటి వరికి ఆ రెండున్నర సెంట్లే సాక్ష్యం. అలాంటి చోట తరాజు సరి చూడకపోయినా, తడి గింజ బరువును ఎండిన గింజ బరువుకు మార్చకపోయినా ఏమవుతుందో మీరే ఊహించండి.

కొందరు మిత్రులు అడుగుతారు: అయితే మనమే దగ్గరుండి తక్కువ వచ్చేలా చూసుకుంటే పోలేదా అని. పోలేదు. హామీ దిగుబడి గత 7 ఏళ్లలో మెరుగైన 5 ఏళ్ల సగటు నుంచి వస్తుంది. మామూలు ఏడాదిలో తగ్గించి రాయించుకున్న అంకె రేపటి హామీని తగ్గిస్తుంది. పైగా ఒక్క ఊరి అంకె అబద్ధమని తేలితే, నిజంగా మునిగిన పది ఊళ్ల అంకెల మీద కంపెనీ అభ్యంతరం పెడుతుంది. మన బలం అంకె నిజం కావడంలోనే ఉంది. అందుకే కొలిచేటప్పుడు మన కోరికను గట్టు మీద వదిలేసి దిగాలని సంఘం అంటోంది.

అయితే కొలిచేటప్పుడే. దేన్ని కొలవాలి అన్నది టేపు చెప్పదు. ఎక్కడో గదిలో కూర్చున్న మనుషులు నిర్ణయిస్తారు, దాన్ని శాస్త్రం పేరుతో మన మీద పెడతారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వానకు కోతకొచ్చిన వరి పడిపోయి నీళ్లలో నానుతుంది, గింజ రంగు మారుతుంది, మొలకలొస్తాయి. పంట కోత ప్రయోగం దాని బరువు తూస్తుంది. రంగు మారిన బస్తాకు వ్యాపారి ఎంత కోస్తాడో తూయదు. బరువు నిజమే, నష్టమూ నిజమే. ఒకటి కాగితంలో ఉంది, రెండోది లేదు. ఊరి సగటు అన్నదీ అంతే. మెరక చేనూ పల్లపు చేనూ కలిపి సగటు తీస్తే, మునిగిన పల్లపు రైతు మెరక రైతు గింజల కింద కనపడకుండా పోతాడు. కోత తర్వాత 14 రోజుల వరకు, అలాగే వడగళ్ల వంటి స్థానిక విపత్తులకు, విడిగా లెక్క వేసే వీలుంది. కానీ 72 గంటల్లో తెలియజేయాలి. కరెంటూ సిగ్నలూ లేని తుపాను రోజుల్లో ఆ 72 గంటలు ఎవరి కొలత? ఇలాంటి చోట మన అనుభవం పక్షపాతం కాదు, సమాచారం. గట్టిగా చెప్పాల్సిందే.

కౌలు రైతు సంగతి మరీ అన్యాయం. సంఖ్య సర్వే నంబరును ఎంచుకుంటుంది, కాగితంలో భూమి యజమాని పేరుంటుంది, ఫోను ఆయనకు వెళ్తుంది. ఆయన పట్నంలో ఉంటాడు. చేను చేసిన మనిషికి తెలిసేసరికి కోత అయిపోతుంది.

ఇప్పుడు ఉపగ్రహం వచ్చింది. 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కలో కనీసం 30 శాతం వాటా సాంకేతిక అంచనాకు ఇవ్వాలన్నారు. యంత్రం కనుక పక్షపాతం ఉండదని ప్రచారం. సంఘం యంత్రానికి వ్యతిరేకం కాదు, ఊరంతా ఒకేసారి చూడగలగడం చిన్న విషయం కాదు. కానీ అది సొంతంగా గింజ తూయదు. పచ్చదనం, వాతావరణం చూసి అంచనా కడుతుంది, ఆ అంచనా సరైందో కాదో తేల్చాల్సింది మళ్లీ నేల మీది కోతే. పూత దశలో వాన కొట్టి తాలు పోయిన చేను పైనుంచి పచ్చగానే ఉంటుంది. నేల మీది లెక్క తప్పితే ఆకాశం లెక్కకూ ఆధారం ఉండదు. కాబట్టి ఆ అంచనా ఏ లెక్కతో కట్టారు, మన మండలంలో ఏ కోతలతో సరిచూశారు అని రాతపూర్వకంగా అడగాలి.

ఈ సీజనుకు పని ఇదీ. ఎంపికైన సర్వే నంబర్ల జాబితా వ్యవసాయ సహాయకుల దగ్గర అడిగి తీసుకోండి. ఆ నంబర్లలో కౌలు చేస్తున్నది ఎవరో పక్కన రాసి, వాళ్లకు ముందే చెప్పండి. కోత రోజు కనీసం ఇద్దరు వెళ్లండి, ఒకరు ఆ చేను తాలూకు కాని వాళ్లయితే మంచిది. టేపు, తాడు, రెండు కిలోల రాయి వెంట ఉంచుకోండి. ముందు రాయి పెట్టి తరాజు చూడండి. తాడును నేల దాకా దించి, వాలిన కంకిని కాకుండా దుబ్బు మొదలు ఎటుందో చూడండి. కర్ణాలు రెండూ కొలిస్తే 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రావాలి, లేకపోతే అది చదరం కాదు. గొడవ పడొద్దు, పక్కకు జరపమని అడగొద్దు. తూసిన బరువు, తేదీ, సర్వే నంబరు మీ పుస్తకంలో రాసుకుని అక్కడున్న వాళ్లతో సంతకాలు చేయించండి. మన అంకెకు అనుకూలంగా ఉన్నా లేకపోయినా ఉన్నదున్నట్టు రాయండి. నెలాఖరుకు ఆ పుస్తకాలు మండల కమిటీకి చేరితే, ప్రభుత్వం ప్రకటించే దిగుబడితో పక్కపక్కన పెట్టి చూసుకుందాం.