అంగడి ఎత్తేసేముందు



అంగడి ఎత్తేసే దర్జీ, జనం కుట్టడానికిచ్చిన గుడ్డలు ఎవరివి వారికి అప్పగించాకే తాళం వేయాలి. కంప్యూటరు సేవలకూ అదే ధర్మం.

ఆర్కుట్ సంగతి చూడండి. గూగుల్ సంస్థ 2004 జనవరిలో ప్రారంభించిన ఈ సేవలో, బ్రెజిల్‌లోనూ మన దేశంలోనూ లక్షలాదిమంది చేరారు. కబుర్లు రాసుకున్నారు, ఫొటోలు దాచుకున్నారు. దాన్ని ఎత్తివేస్తున్నట్టు 2014 జూన్ 30న సంస్థ ప్రకటించింది. ఆనాడే కొత్తవారిని చేర్చుకోవడం ఆపింది. మూడు నెలల గడువిచ్చి సెప్టెంబరు 30న మూసింది. ఎవరి ఫొటోలు వారు దింపుకోవడానికి మాత్రం 2016 సెప్టెంబరు వరకు వీలు కల్పించింది.

పద్ధతి మంచిదే. కానీ ఆ కబురు చేరనివారికి ఎంత గడువిచ్చినా ఒకటే. హోసూరులోనో బరంపురంలోనో మీ ఇంటి పెళ్ళి ఫొటోలు ఏదో ఒక సంస్థ దగ్గరే ఉంటే, తాళంచెవి మీ చేతిలో లేదన్నమాట. ఈ వారమే ఒక ప్రతి దింపి ఇంట్లో పెట్టుకోండి. ముఖ్యమైనవి అచ్చు వేయించి, వెనక పేర్లు, ఊరు, సంవత్సరం తెలుగులో రాయండి. పిల్లలు బడిలో తమిళమో ఒడియానో చదువుతుంటే ఆ లిపిలోనూ రాయండి. రేపు చదవవలసింది వాళ్ళే కదా!

సెలవు.