పచ్చమాత్ర: మందుల పేర్లు, మోతాదులు, పుచ్చుకొను విధములు

ధర్మపురి తెలుగువారి మాససభలో చేసిన ప్రసంగ పాఠము



మందులను గూర్చి మాట్లాడుటకు నేను వైద్యుడను కాను, మందుల అంగడివాడను కూడ కాను. పదవ తరగతితో చదువు చాలించి చింతపండు మండీలో కూర్చున్నవాడను. అయినను కార్యదర్శిగారు నన్నే ఇచట నిలువబెట్టుటకు కారణము మా యింట జరిగిన ఒక సంగతి. మీలో కొందఱు దానిని వినియే యున్నారు.

మా మేనత్తకు డెబ్బది దాటినది. చేతివ్రేళ్ల కీళ్లు వాచి, ఉదయమున చెంబు పట్టుటకు కూడ వీలులేక యుండెను. వైద్యుడు పరీక్షించి కీళ్లవాతమని చెప్పి మూడు విధముల మందులు వ్రాసెను. నేనే వెంటనుండి వింటిని. ఇంటికి వచ్చి మా తమ్ముని కుమార్తెతో, "పచ్చమాత్రలు మూడు, వారానికి ఒక్క దినమే, ఆదివారము ఇయ్యి, తక్కినవి దినమూ" అని చెప్పి మండీకి పోయితిని. ఆ పిల్ల తమిళ బడిలో చదువుచున్నది. మా అత్త నోటను నా నోటను పచ్చ యనగా పసుపు. ఆ పిల్ల బడిలో పచ్చ యనగా ఆకురంగు. వ్రాసిన మందులలో బలమునకని ఆకుపచ్చ గొట్టములు కూడ ఉండెను. అవి ఆదివారమునకు పోయినవి. పసుపుమాత్రలు దినమునకు మూడు చొప్పున ఆరు దినములు మా అత్త కడుపులో పడినవి.

ఏడవనాటికి నోరంతయు పుండ్లు, ఒడలు కాలు జ్వరము. గ్రుక్కెడు గంజి మ్రింగలేకపోయెను. ఆసుపత్రిలో నెత్తురు పరీక్షింపగా తెల్లకణములు మిక్కిలి పడిపోయియున్నవి. పదునొకండు దినములు అచట ఉండి ఎట్లో బ్రతికి బయటపడినది. పిల్లను ఎవ్వరును ఏమియు అనలేదు. అనవలసినది నన్ను. రంగు చెప్పితిని గాని పేరు చెప్పలేదు.

ఆ మందు పేరు మెథోట్రెక్సేట్. దీని వెనుక ఒక తెలుగువాడున్నాడని నాకు ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఒక యువవైద్యుడు చెప్పెను. 1895లో భీమవరమున పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికాకు పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నడిపిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆసిడ్ అను విటమినును కృత్రిమముగా తయారుచేసిరి. శరీరమున క్రొత్త కణములు పుట్టుటకు అది కావలెను. పిదప దానికి ఎదురు పనిచేయు మందులను వారే కూర్చిరి. అవి కణముల వృద్ధిని ఆపును. కావున రక్తపు కేన్సరుకు మందైనవి. ఆ వంశములోనిదే మెథోట్రెక్సేట్. కీళ్లవాతమునకు దానిని మిక్కిలి తక్కువ మోతాదులో, వారమునకు ఒకే దినము ఇత్తురు. అదే దినదినమును పడినచో నెత్తురు పుట్టు ఎముక మజ్జనే అణచివేయును. మా అత్తకు విఱుగుడుగా ఎక్కించినది ఫోలినిక్ ఆసిడ్. అనగా ఆ విటమిను చుట్టమే. సుబ్బారావుగారు 1948లో న్యూయార్కులో కాలధర్మము నొందిరి. ఒక్క మనిషి పరిశోధనశాల నుండియే మందును, దాని విఱుగుడునకు మూలమును వచ్చినవని విని నాకు ఆశ్చర్యము కలిగెను. ఇంకొక హెచ్చరిక: మెథోట్రెక్సేటుతో కూడ వ్రాయు ఫోలిక్ ఆసిడ్ మాత్ర సయితము పెక్కుసార్లు పసుపురంగుదే. రంగును నమ్మరాదు.

పేరు అంటిని గదా. మండీవారికి ఇది సులభముగా బోధపడును. సంచిమీద మార్కు వేఱు, సంచిలోని సరకు వేఱు. మందు అట్టమీద పెద్ద అక్షరములలో ఉండునది వ్యాపారనామము, అనగా మార్కు. దాని క్రింద చిన్న అక్షరములలో ఉండునది మూలనామము, అదియే సరకు. పారాసిటమాల్ అను ఒకే సరకు ఎన్నో మార్కులతో వచ్చును. జ్వరమునకు ఒక మార్కు, ఒడలినొప్పులకు ఇంకొకటి, జలుబునకు మఱియొకటి కొని, మూడింటిలోను అదియే ఉన్నదని తెలియక మ్రింగువారు మనలో ఎందఱో. పెద్దవారికి దినమునకు నాలుగు గ్రాములు దాని మేర. అనగా 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది. అది దాటిన కాలేయము చెడును. ముసలివారికి, మద్యపానము చేయువారికి ఆ మేర ఇంకను తక్కువ.

2021లో మన ప్రక్కనున్న కృష్ణగిరి జిల్లా సామనపళ్ళిలో మొదలైన మక్కళై తేడి మరుత్తువమ్ పథకమువలన రక్తపోటుకు, చక్కెరవ్యాధికి మందులు ఇంటికే వచ్చుట మొదలైనది. అది మంచి యేర్పాటు. ఆ అట్టలపై ప్రధానముగా మూలనామమే ఉండును. అంగడిలో కొన్న మార్కు మాత్ర వేఱనుకొని రెండును మ్రింగి, తల తిరిగి పడిన పెద్దమనిషి ఒకరు ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పను, ఆయన నవ్వుచున్నారు.

ఇక తూకము. వేయి మైక్రోగ్రాములు ఒక మిల్లీగ్రాము, వేయి మిల్లీగ్రాములు ఒక గ్రాము. థైరాయిడ్ మాత్ర అట్టపై 50 అని ఉన్నచో అది మైక్రోగ్రాములు. పారాసిటమాల్ 500 అని ఉన్నచో మిల్లీగ్రాములు. అంకెను మాత్రము చూచి "ఇది పెద్దమందు, అది చిన్నమందు" అనుట సేరును మణుగుతో పోల్చినట్లుండును.

మందులన్నియు ఒకే పని చేయవు. రోగము తెచ్చిన క్రిములను చంపునవి కొన్ని. ఆంటీబయోటిక్కులు ఈ కోవలోనివి. అవి వైరసు జలుబునకు పనికిరావు. శరీరము చేయలేని దానిని బయటనుండి ఇచ్చునవి కొన్ని. ఇన్సులిన్, థైరాయిడ్ మాత్ర అట్టివి. వ్యాధిని పోగొట్టక అదుపులో ఉంచునవి కొన్ని. రక్తపోటు మాత్ర యిట్టిది. "పోటు దిగినది గదా" అని దానిని ఆపువారు, అది దిగియున్నది మాత్రవలననే యని మఱతురు. అట్ట ఎడమప్రక్క నిలువుగా ఎఱ్ఱగీత ఉన్నచో ఆ మందును వైద్యుని చీటీ లేనిదే కొనరాదు.

మందు ఏ దారిన పోవలెనో అదియు మందులో భాగమే. నోటిద్వారా మ్రింగినది కడుపు దాటి, ప్రేగులలో పీల్చుకొనబడి, మొదట కాలేయమునకు పోవును. అచట కొంత విఱిగిపోవును. గుండెనొప్పికి నాలుక క్రింద ఉంచుమని ఇచ్చు మాత్ర ఆ దారి తప్పించుకొని నేరుగా నెత్తురులో కలియును. తొందరలో మ్రింగివేసినచో పని ఆలస్యమగును. ఆ సమయమున ఆలస్యమే ప్రాణాపాయము. మెల్లమెల్లగా కరగుటకై తయారుచేసిన మాత్రలపై ఎస్.ఆర్., ఎక్స్.ఆర్. వంటి అక్షరములుండును. పంటికి పెద్దదని వాటిని నూఱి ఇచ్చినచో దినమంతటి మందు ఒక్క గడియలో దిగును. ఉబ్బసమునకు పీల్చు మందు ఊపిరితిత్తులకు నేరుగా పోవును గనుకనే కొద్దిపాటి మోతాదు చాలును. అది అలవాటై పీడించునని మనవారిలో ఒక భయమున్నది; అది వట్టి భయము.

సూదిమందు మీద మనవారి భక్తి వేఱొక కథ. సూది వేయని వైద్యుని వైద్యుడనరు! మాత్రతో తీరుదానికి సూది అనవసరము. కాని ఇన్సులిన్ వలెనే కడుపులో జీర్ణమైపోవు మందులకు సూదియే దారి. ఇచట ఒక జాగ్రత్త. ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి అని రెండు విధములు. 40కి ఎఱ్ఱమూత సిరంజి, 100కి నారింజరంగు మూత సిరంజి. ఒకదాని సీసాకు ఇంకొకదాని సిరంజి వాడినచో మోతాదు రెండున్నర రెట్లు హెచ్చును, లేదా తగ్గును. సిరంజి కొనునపుడు సీసాను వెంట తీసికొనిపోవలెను.

మన అవ్వలకు అనుపానము, పథ్యము, పరగడుపు అను మాటలు బాగుగా తెలియును. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో పుచ్చుకొని, అరగంటయైన కాఫీ త్రాగకుండవలెనని చెప్పినచో వారికి వెంటనే అర్థమగును. మనుమలకు ఆ మాట తెలియదు. వారు చదివిన ఇంగ్లీషు అవ్వకు తెలియదు. మా యింట ఇప్పుడు ప్రతి అట్టను ఒక కాగితపు కవరులో వేసి, దానిమీద మూలనామము, మోతాదు, వేళ, దేనికొఱకు అను నాలుగు సంగతులు తెలుగులోను తమిళములోను వ్రాయుచున్నాము. వారపుమందు కవరు వేఱే డబ్బాలో ఉండును. రంగు పేరు ఎక్కడను వ్రాయము.

వచ్చు ఆదివారము ఉదయము పది గంటలకు సంఘపు గదిలో ఖాళీ కవర్లు సిద్ధముగా ఉండును. మందుల అంగడి నడుపు మన సభ్యులొకరు వచ్చుటకు ఒప్పుకొనియున్నారు. ఇంటిలోని మందులన్నింటిని, పాతవానిని కూడ, వైద్యుని చీటీతోబాటు సంచిలో వేసికొని రండు. తెలుగు చదువ వచ్చిన పిల్లలను వెంట తెండు. వ్రాయుటకు చేతులు కావలెను.