ఆఫీసు వేళలు - పసిబిడ్డ ఆలనాపాలనా



దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్‌లో ఉంటూ గురుగ్రామ్‌లో ఉద్యోగాలు చేసే ఒక తెలుగు జంటను ఊహించుకోండి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్‌తో ఆఫీసు పని ఇంటికే వచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీలు ఉద్యోగులను తిరిగి ఆఫీసుకు రమ్మన్నాయి. అమ్మమ్మ, నాయనమ్మ ఉన్నది గుంటూరులో. మరి పసిబిడ్డను ఎవరు చూడాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1969లో రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన నిర్మాణంలో పనిచేసే కూలీల పిల్లల అవస్థ చూసి, మీరా మహాదేవన్ అక్కడే శిశు సంరక్షణ కేంద్రం తెరిచారు. అదే 'మొబైల్ క్రెషెస్' సంస్థకు నాంది.

మరి చట్టం ఏమంటోంది? 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థకు శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూడవచ్చు. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ నియమాలున్నాయి. అయితే ఇంటి నుంచి పనిచేయడం హక్కు కాదు, యజమాని ఒప్పుకోవాలి.

ఇక తండ్రి సంగతి? కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి చట్టం అదీ ఇవ్వలేదు. బిడ్డ బరువంతా తల్లిదే అనుకున్నంత కాలం, ఉద్యోగం మానేది కూడా ఆమే అవుతుంది.

రేపు మీలో కొందరు ఉద్యోగులు, కొందరు యజమానులు అవుతారు. 'బిడ్డను ఎవరు చూస్తారు?' అన్న ప్రశ్న అమ్మాయిలనే కాదు, అబ్బాయిలనూ అడగాలి. మీరేమంటారు?