తూటాలో మందు, రైఫిల్‌లో గాలి: ఎంత ప్రెజర్ ఉంటే గురి కుదురుతుంది?

కదిరి నుంచి మాట్లాడుతున్నాను. ఈమధ్య చాలామంది తమ్ముళ్లు ఒకటే అడుగుతాండారు. "అన్నా, అమెరికా వీడియోల్లో ఇంట్లోనే కూర్చొని తూటాలు నింపుకుంటాండారు కదా, మందు రవ్వంత ఎక్కువ వేస్తే గురి బాగా వస్తుందా?" అని ఒకరు. "నా ఎయిర్ రైఫిల్‌లో గాలి ఇంకొంచెం ఎక్కిస్తే ఏమైతాది?" అని ఇంకొకరు. చూస్తే రెండు ప్రశ్నలు, నిజానికి ఒకటే. ప్రెజర్ పెంచితే గురి పెరుగుతుందా? ఈరోజు దాని గురించే.

ముందు చట్టం సంగతి చెప్పేస్తా. మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం నేరం. శెనక్కాయ చేన్లో అడవిపందులు పడుతున్నాయని, నాటు తుపాకీలో కూరుకోవడానికని ఏ కారణం చెప్పినా కుదరదు. కాబట్టి తూటా గురించి నేను చెప్పేది అర్థం చేసుకోవడానికే. చేతుల్లోకి తీసుకోదగ్గది తర్వాత వస్తుంది.

రైఫిల్ తూటాలో నాలుగే వస్తువులు. ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, పైన బుల్లెట్. పిన్ను ప్రైమర్‌ను కొడుతుంది, మందు అంటుకుంటుంది, గ్యాస్ బుల్లెట్‌ను తోస్తుంది. ఆ గ్యాస్ ప్రెజర్ ఎంతో తెలుసా? 308 వించెస్టర్ అనే తూటాకు అమెరికా ప్రమాణం పెట్టిన గరిష్ఠ హద్దు 62,000 పీఎస్‌ఐ. మీ బైక్ టైరులో 30 దరిదాపుల్లో ఉంటుంది. అంటే రెండు వేల రెట్లు. అదంతా మీ చెంపకు జానెడు దూరంలో జరుగుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడేది. మందు పది శాతం పెంచితే ప్రెజరూ పది శాతమే పెరుగుతుందనుకుంటారు. అట్ల కాదప్పా. మందు కాలే వేగం ప్రెజర్‌ను బట్టి ఉంటుంది. ప్రెజర్ పెరిగేకొద్దీ ఇంకా వేగంగా కాలుతుంది, కాలేకొద్దీ ప్రెజర్ ఇంకా పెరుగుతుంది. పొయ్యి మీద పాలు పొంగినట్టు, చివర్లో ఒక్కసారిగా లేస్తుంది. అందుకే చేత్తో తూటాలు నింపేవాళ్ల పుస్తకాల్లో గరిష్ఠం కంటే పది శాతం కింద మొదలుపెట్టి మెల్లమెల్లగా ఎక్కమంటారు. దానికితోడు మిలిటరీ ఇత్తడి కేసు గోడలు మామూలుగా మందంగా ఉంటాయి. లోపల చోటు తగ్గుతుంది కాబట్టి అదే మందుకు ప్రెజర్ ఎక్కువ వస్తుంది. ఎండలో కాగిన తూటాలోనూ అంతే. మన ఏప్రిల్, మే నెలల ఎండలు మీకు చెప్పాల్సిన పనిలేదు.

"అయితే తక్కువ వేస్తే సేఫ్ కదా?" అదీ లేదు. మరీ తక్కువైతే బుల్లెట్ బ్యారెల్ మధ్యలోనే ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా ఇంకొకటి పేల్చితే బ్యారెల్ పగులుతుంది. "ప్రైమర్ చదునైతే, బోల్టు బిగుసుకుంటే ఆపేస్తే సరిపోతుంది" అంటారు కొందరు. ఆ గుర్తులు కనబడేసరికే హద్దు దాటి ఉండొచ్చు.

సరే, మరి గురి యాడ నుంచి వస్తుంది? ఎక్కువ వేగం నుంచి కాదు, ఒకే వేగం నుంచి. మొదటి తూటా ఎంత వేగంతో పోయిందో అరవయ్యోదీ అంతే వేగంతో పోవాల. అందుకే అనుభవమున్న రీలోడర్లు మందును పొడి పొడిగా తూస్తారు, కేసులన్నీ ఒకే పొడవుకు కోస్తారు, బుల్లెట్ ఒకే లోతుకు దించుతారు. చాలాసార్లు వాళ్లకు మంచి గుంపు పడేది గరిష్ఠ లోడ్ దగ్గర కాదు, దానికి కొంచెం కిందనే.

మన రైతులకు ఇది కొత్త సంగతేమీ కాదు. డ్రిప్ వేసినోళ్లను అడగండి. బోరు ప్రెజర్ ఎక్కువ పెట్టి వదిలితే మొదటి చెట్ల దగ్గర మడుగు, పైపులు ఊడిపోవడం. తక్కువైతే చివరి చెట్లకు చుక్క రాదు. సుమారు ఒక కేజీ ప్రెజర్ దగ్గర నిలబెడితే అన్ని చెట్లకూ సమానంగా పడుతుంది. అందుకే గేజ్ పెడతారు, వాల్వ్ తిప్పుతారు. రైఫిల్ కథ కూడా అంతే.

ఇప్పుడు మీ చేతికి అందే దాని గురించి. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీలో వాడేది కూడా 4.5 మిల్లీమీటర్లదే. దాని శక్తి ఎంతనుకున్నారు? అర గ్రాము పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల చొప్పున పోతుంది. లెక్కేస్తే 8 జౌళ్లు కూడా రాదు. 20 వరకు హద్దు ఉన్నా సగం కూడా వాడరు! 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా గోల్డ్, 2012లో లండన్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ బ్రాంజ్, వినికిడి లేని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్ డెఫ్‌లింపిక్స్‌లో కొట్టిన గోల్డ్, అన్నీ ఇట్లాంటి బలంలేని గన్నులతోనే.

టార్గెట్ మీద పదో నంబర్ చుక్క అర మిల్లీమీటరు. పెన్సిల్‌తో పెట్టిన చుక్కంత. పెల్లెట్ పది మీటర్లు పోయేలోపు భూమి దాన్ని సుమారు 16.6 మిల్లీమీటర్లు కిందికి లాగుతుంది. వేగం 172 నుంచి 177కు పెరిగిందనుకోండి, అప్పుడు లాగేది 15.7 మాత్రమే. ఐదు మీటర్ల తేడాకు పెల్లెట్ దాదాపు 0.9 మిల్లీమీటర్లు పైన పడింది. స్కోరులో అది మూడు, నాలుగు పదోవంతులు. చిన్నదేలే అంటారేమో. లండన్‌లో నారంగ్ స్కోరు 701.1, సిల్వర్ వచ్చిన ఇటలీ షూటర్ కాంప్రియానిది 701.5. మొత్తం పోటీ మీద తేడా 0.4!

ఆ తేడా రాకుండా చూసేది రెగ్యులేటర్. సిలిండర్లో గాలి 200 బార్ దాకా ఉంటుంది, అంటే మీ బొటనవేలి గోరంత చోటు మీద యాభై కిలోల బియ్యం మూటలు నాలుగు పెట్టినట్టు. రెగ్యులేటర్ దాన్ని చాలా తక్కువకు దించి ప్రతి షాట్‌కూ ఒకే కొలత ఇస్తుంది. రెగ్యులేటర్ లేని పీసీపీ రైఫిల్‌లో గాలి ఎక్కువ కొడితే ఏమైతాదో వినండి, నాకు భలే ఇష్టమైన సంగతి ఇది. వేగం పెరగదు, తగ్గుతుంది! లోపలి ప్రెజర్ వాల్వ్‌ను గట్టిగా మూసి పట్టుకుంటుంది, హ్యామర్ కొట్టినా అది సరిగా తెరుచుకోదు. అంటే డబ్బు పెట్టి, ప్రాణం మీదికి తెచ్చుకొని, మొదటి పది షాట్లు పాడుచేసుకున్నట్టు.

మనోళ్లలో ఎక్కువమంది దగ్గర ఉండేవి స్ప్రింగ్ గన్నులు. వాటికి గట్టి స్ప్రింగ్ వేయిస్తే అదురు పెరుగుతుంది, గురి చెదురుతుంది. ఛాంబర్లో నూనె చుక్కలు వేసి "టప్" మని పేల్చే వీడియోలు చూసుంటారు. ఆ సౌండు నూనె లోపల మండినందుకు వచ్చేది. ఒక షాట్ పైకి, ఒక షాట్ కిందికి పోతుంది, సీల్ కాలుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది.

ఇది మాత్రం చెవిలో వేసుకోండి. వెల్డింగ్ షాపుల్లో ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది, దాంట్లోనూ ప్రెజర్ బాగానే ఉంటుంది కదా, రైఫిల్‌కు నింపుకుంటే పోలా అని ఒక తమ్ముడు నన్నే అడిగినాడు. ఒద్దు రా నాయనా! ఎక్కువ ప్రెజర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు రవ్వంత గ్రీజు తగిలితే చాలు, నిప్పు కూడా అక్కర్లేదు, దానంతట అదే అంటుకుంటుంది. వాల్వ్‌లో గ్రీజు ఉండనే ఉంటుంది. నింపేటప్పుడు ముఖం ఎక్కడుంటుంది? గేజ్ ఎదురుగానే. నింపాల్సింది పొడి గాలి, దానికని తయారైన హ్యాండ్ పంపుతోనో, డైవింగ్ సిలిండర్‌తోనో.

ఎండ సంగతి మళ్లీ. పొద్దున 25 డిగ్రీల్లో 200 బార్‌కు నింపి కారు డిక్కీలో పెట్టినారనుకోండి. మధ్యాహ్నానికి లోపల 60 డిగ్రీలైతే ప్రెజర్ 223 అవుతుంది. ఎవరూ గాలి కొట్టలేదు, సూర్యుడే కొట్టినాడు. అందుకే ఎండాకాలం నేను 180 దగ్గరే ఆపేస్తా. రెగ్యులేటర్ ఉంటే స్కోరులో ఏ తేడా రాదు, షాట్లు కొన్ని తగ్గుతాయి అంతే. సిలిండర్ మీద తేదీ కూడా చూడండి. దానికి గడువు ఉంటుంది, పోటీల్లో గడువు దాటిన సిలిండర్ బాధ్యత షూటర్‌దే. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు గన్ను మెరుపు చూసి మురిసిపోతారు, సిలిండర్ తిప్పి చూడరు.

మరి ప్రెజర్ ముట్టుకోకుండా గురి పెంచుకోవడమెట్లా అంటారా? పెల్లెట్ మార్చి చూడండి. తల సైజు 4.49, 4.50, 4.51 అని డబ్బాల మీద రాసి ఉంటుంది. గన్నును కదలకుండా బిగించి ఒక్కో సైజుతో పది షాట్లు కొట్టి, ఏది చిన్న గుంపు వేస్తుందో చూడండి. ఒలింపిక్ 50 మీటర్ల షూటర్లూ ఇదే పని చేస్తారు. వాళ్లు వాడే పాయింట్ టూ టూ తూటాను ఇంట్లో తిరిగి నింపడానికి వీలుకాదు. ఫ్యాక్టరీకే పోయి బ్యాచ్‌ల వారీగా కాల్చి చూసి, తమ బ్యారెల్‌కు నప్పిన బ్యాచ్‌ను కొనుక్కొస్తారు.

ఇంకొక మాట. లైసెన్స్ అక్కర్లేదంటే పిట్టల్ని కొట్టొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టానికి ఎయిర్ గన్నైనా ఒకటే. టార్గెట్ వెనక మట్టిగోడ లేదా మందమైన ఇనుపరేకు ఉండాల, కళ్లకు అద్దాలు ఉండాల.

వచ్చే ఎపిసోడ్‌లో పది మీటర్ల రేంజ్‌ను ఇంటి షెడ్డులోనే తక్కువ ఖర్చుతో ఎట్లా కట్టుకోవచ్చో కొలతలతో సహా చూపిస్తా. టేపు పట్టుకొని రెడీగా ఉండండి. ఉంటా మరి.