పోఖరాలో పడవ షికారు

యాత్రానుభవం చెప్పమన్నారు. నేను చూసిన విదేశం ఒక్కటే, నేపాలు. మనవాళ్ళకు వీసా అక్కర్లేదు, ఓటరు కార్డు చాలు.

2023 నవంబరులో గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్ళి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, బస్సులో పోఖరా చేరాం. నాతో వచ్చినాయన ఒకప్పుడు నా పక్క సీటు మిత్రుడు. సీనియారిటీ జాబితాలో నా పేరు పైకొచ్చిందని కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. తొమ్మిదేళ్ళు మాటల్లేవు. ఈ ప్రయాణానికి పిలిచింది మాత్రం తనే.

రెండు రోజులు ఒకటే మబ్బు. మూడోనాడు తెల్లవారుజామున ఫేవా సరస్సులో పడవెక్కాం. నడుమ లంకలో వారాహి గుడి. అది దాటేసరికి మబ్బు విడిపోయి మచ్ఛపుచ్ఛ్రే శిఖరం పైనొకటి, నీళ్ళలో ఒకటి కనిపించింది. చేపతోక అని అర్థం. ఎత్తు 6,993 మీటర్లు. 1957లో, కొనమీద కాలు మోపబోమని మాటిచ్చి ఎక్కిన బ్రిటిష్ జట్టు 150 అడుగుల కిందనుంచే తిరిగొచ్చింది. తర్వాత ఎక్కడానికి అనుమతే లేదు. మా పడవవాడు ఇదంతా ఎంత గర్వంగా చెప్పాడో!

"ఆ కేసు వెయ్యకుండా ఉండాల్సిందోయ్" అన్నాడు మిత్రుడు.

నాకు గొంతు పెగల్లేదు. జాబితాలో నేను ఉద్యోగంలో చేరిన తేదీ తప్పుగా పడింది. ఆనాడే చూశాను, నోరెత్తలేదు. ఆ మాట పడవలో చెప్పాను, ఇవాళ మీ ముందూ చెబుతున్నాను.

ఆయన చాలాసేపు కొండవైపే చూశాడు. "ఇంకో చుట్టు తిప్పమను" అన్నాడు చివరికి.

పడవ కిరాయి తనే ఇచ్చాడు. మన 100 వాళ్ళకు 160. ఆ లెక్క మాత్రం ఇద్దరం రెండుసార్లు సరిచూసుకున్నాం.