చుండ్రు ఎందుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది?

(రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ మనం చుండ్రు గురించి మాట్లాడుకుందాం. ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు. జ్వరం రాదు, మంచాన పడెయ్యదు. అందుకే దీనికోసం డాక్టరు దగ్గరకు వెళ్ళాలని మనలో చాలామందికి తోచదు. కాని నల్ల జాకెట్టు వేసుకున్ననాడు భుజాల మీద తెల్లగా పొట్టు రాలితే, కాలేజీకి వెళ్ళే ఆడపిల్ల ఎంత చిన్నబుచ్చుకుంటుందో మీకు తెలియంది కాదు. ఇంటికి వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "పిల్ల తలకి నూనె పెట్టడం లేదేమిటమ్మా?" అని ఒకరు, "వారానికోసారైనా తలంటు పోస్తున్నావా?" అని ఇంకొకరు. అన్నది పిల్లని చూసే అయినా, తగిలేది తల్లికి.

కాబట్టి ముందుగా ఒక్క మాట చెప్పేస్తాను. చుండ్రు మురికి వల్ల వచ్చేది కాదు. నూనె చాలక వచ్చేదీ కాదు. తల్లి అశ్రద్ధ వల్ల అసలే కాదు. ఈ సంగతి తెలియక మనం చేసే వైద్యమే చాలా ఇళ్ళలో చుండ్రుని పోనివ్వకుండా పట్టి ఉంచుతోంది.

మన తలమీద చర్మంలో నూనె గ్రంథులు చాలా ఉంటాయి. ఆ జిడ్డుని తిని బతికే ఒక సూక్ష్మజీవి కూడా అక్కడే కాపురం ఉంటుంది. ఇది రొట్టె పొంగడానికి వేసే ఈస్టు లాంటిదే, బూజు జాతికి చెందినది. 1874లో మలసే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. ఆయన పేరు మీదనే దీన్ని మలసీజియా అంటారు. ఇది మీ తలలోనూ ఉంది, నా తలలోనూ ఉంది, చుండ్రు లేనివాళ్ళ తలలోనూ ఉంది. చర్మం మీది జిడ్డుని విరగ్గొట్టి, తనకు కావలసింది తాను తిని, మిగిలిన ఆమ్లాలను అక్కడే వదిలేస్తుంది. కొందరి చర్మం ఆ ఆమ్లాలకు ఓర్చుకుంటుంది. కొందరిది ఓర్చుకోలేదు, దురద పుడుతుంది. మామూలుగా చర్మం పైపొర సుమారు నాలుగు వారాలకు ఒకసారి కంటికి కనబడకుండా రాలి కొత్తది వస్తుంది. దురద పుట్టిన చోట ఈ పని తొందర తొందరగా జరిగిపోయి, పచ్చి పొరలే గుంపుగా ఊడి వస్తాయి. ఆ పొట్టునే మనం చుండ్రు అంటున్నాం.

ఇది తెలిస్తే కొన్ని ప్రశ్నలకు జవాబు దానంతట అదే దొరుకుతుంది. ఐదో క్లాసు దాకా లేని చుండ్రు పదమూడు, పద్నాలుగేళ్ళకు ఎందుకు మొదలవుతుంది? ఆ వయసులోనే నూనె గ్రంథులు జోరుగా పనిచెయ్యడం మొదలు పెడతాయి కనుక. ఒకరి దువ్వెనతో ఇంకొకరు దువ్వుకుంటే అంటుకుంటుందా? అంటుకోదు, ఆ జీవి అందరి తలలోనూ ముందే ఉంది కదా! దువ్వెనలు విడిగా పెట్టుకోవడం మంచిదే, కాని అది పేల కోసం, తామర కోసం. తిరుపతిలో తలనీలాలు ఇస్తే చుండ్రు పోతుందా? గుండు మీద మందు బాగా పడుతుంది, స్నానం సుళువవుతుంది, కొన్నాళ్ళు హాయిగా ఉంటుంది. కాని తీసింది జుట్టునే గాని నూనె గ్రంథుల్ని కాదు. జుట్టుతోపాటు చుండ్రూ తిరిగి రావచ్చు.

ఇక నూనె సంగతి. ఇక్కడే మన ఇళ్ళలో పెద్ద తగాదా. అత్తగారు పెట్టమంటారు, కోడలు వద్దంటుంది. పొట్టు చూడగానే చర్మం ఎండిపోయిందని మనకు అనిపిస్తుంది. గుప్పెడు నూనె మాడుకి పట్టిస్తాం. వెంటనే పొట్టు కనబడటం మానేస్తుంది, గుణం ఇచ్చిందని సంతోషిస్తాం. నిజానికి పొట్టు ఎక్కడికీ పోలేదు. నూనెకి తడిసి తలకే అంటుకుపోయింది, అంతే. రెండు రోజులకి మళ్ళీ ప్రత్యక్షం. ఒక చిత్రం చెబుతాను వినండి. ప్రయోగశాలల్లో మలసీజియాను పెంచవలసి వచ్చినప్పుడు, దానికి ఆహారంగా ఆలివు నూనె పోస్తారు. నూనె లాంటి కొవ్వు పదార్థం లేకపోతే అది సరిగ్గా పెరగదు.

అలాగని నూనె సీసా అవతల పారెయ్యమని నేను అనడం లేదు. జుట్టు వేరు, మాడు వేరు. తలస్నానానికి ముందు రాసిన కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, అది పెళుసెక్కకుండా కాపాడుతుంది. కాబట్టి చుండ్రు ఉన్నన్నాళ్ళూ నూనెని కుదుళ్ళకు కాక, చెవుల దగ్గర నుంచి జడ కొస దాకా రాయండి. ఒక గంట ఉంచండి. ఆ పూటే కడిగెయ్యండి. రాత్రి పెట్టిన నూనెతో మర్నాడంతా తిరగడం, దాని మీద మరునాడు మళ్ళీ పెట్టడం మానెయ్యండి. చుండ్రు తగ్గాక పండగ తలంట్లు ఎప్పటిలాగే చేసుకోవచ్చు. ఇలా అయితే అత్తగారి మాటా పోదు, కోడలి మాటా పోదు.

కుంకుడుకాయల గురించి అడుగుతారు. కుంకుడు రసం మంచి నురుగు ఇస్తుంది, జిడ్డు వదలగొడుతుంది. జిడ్డు పోవడం చుండ్రుకి మంచిదే. కాని ఒక మోస్తరు ముదిరిన చుండ్రుని అదొక్కటే అణచలేదు. మెంతులు నానబెట్టి రుబ్బి పెట్టుకుంటే జుట్టు మెత్తగా ఉంటుంది. పుల్ల పెరుగు చల్లగా ఉంటుంది. సరిగ్గా కడగకపోతే రెండూ తలలోనే ఎండి, పొట్టుకి పొట్టు తోడవుతుంది. నిమ్మకాయ చెక్కతో మాడుని రుద్దడం మాత్రం మానండి. గోకి గోకి పుండు పడ్డ చోట ఆ పులుపు మంట పెడుతుంది, ఉన్న దురద ఇంకా ఎక్కువవుతుంది.

మరి ఏం చెయ్యాలి? మందు షాంపూ వాడాలి. కొనేటప్పుడు సీసా మీద సినిమా తార బొమ్మ కాదు, వెనకవైపు సన్న అక్షరాలు చూడండి. కీటోకొనజోల్, సెలీనియం సల్ఫైడ్, జింక్ పైరిథియోన్, వీటిలో ఒకటి ఉందా అని. ఇవి ఆ బూజు జీవిని అదుపులో పెడతాయి. పొట్టు పెచ్చులు కట్టి ఉంటే సాలిసిలిక్ ఆమ్లం ఉన్నవి ఆ పెచ్చుల్ని వదులు చేస్తాయి.

"అవీ వాడాం, గుణం కనిపించలేదు" అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అలా అనేవారిలో చాలామంది విషయంలో లోపం మందులో ఉండదు, వాడే తీరులో ఉంటుంది. కొంచెం ఓపికగా వినండి.

ముందు మామూలు షాంపూతో గాని, కుంకుడు రసంతో గాని తలలో నూనె పోయేలా ఒకసారి కడగండి. నూనె పొర ఉంటే మందు చర్మానికి అందదు. తరువాత జుట్టుని పాయలు పాయలుగా విడదీసి, పాపిడి పాపిడికీ మందు షాంపూని వేలి కొసలతో మాడుకి పట్టించండి. పట్టించవలసింది మాడుకి, జడకి కాదు. కడిగేటప్పుడు జారే నురుగు జడకి సరిపోతుంది. గోళ్ళతో గీకకండి. అసలైన సంగతి ఇప్పుడు చెబుతాను. రాసిన వెంటనే నీళ్ళు పోసుకోకండి. మూడు నుంచి ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. మందు పనిచేసేది ఆ కాసేపట్లోనే. తరువాత నిండుగా నీళ్ళు పోసి కడగండి.

సెలీనియం సల్ఫైడ్ వాడేవాళ్ళు గొలుసులు, దిద్దులు, గాజులు, తలలో పిన్నులు తీసి పక్కన పెట్టండి. అది లోహాలను పాడుచెయ్యగలదు. తలకి రంగు వేసుకునేవారికి ఆ రంగు మారవచ్చు కూడా. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఏ మందు షాంపూ అయినా డాక్టరుని అడిగి వాడాలి.

ఇలా వారానికి రెండుసార్లు, నాలుగు వారాలపాటు చెయ్యాలి. రెండుసార్లు వాడగానే పొట్టు తగ్గితే, అయిపోయిందని సీసా అటకెక్కించకండి. నాలుగు వారాల తరువాత కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉండాలి. ఎందుకంటే చుండ్రు శాశ్వతంగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉండే జబ్బు. పళ్ళు ఒకసారి తోముకుంటే జన్మకి సరిపోదు కదా! ఇదీ అంతే. చలికాలంలో, నిద్ర చాలనప్పుడు, మనసుకి కష్టం కలిగినప్పుడు మళ్ళీ కొంచెం తలెత్తుతుంది. అప్పుడు మళ్ళీ వారానికి రెండుసార్లు మొదలు పెట్టండి. వైద్యం వికటించిందని బెంగపడనక్కరలేదు.

ఇంకో అలవాటు కూడా. శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టుని ముడి వేసుకుని పూజకీ, అక్కడి నుంచి వంటింట్లోకీ పరిగెత్తుతాం. ఆ ముడి లోపల మధ్యాహ్నం దాకా తడి ఆరదు. పది నిమిషాలు ఫ్యాను కింద జుట్టు ఆరబెట్టుకున్నాకే ముడి వేసుకోండి.

జుట్టు ఊడితే కూడా చుండ్రునే నిందిస్తాం. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. టైఫాయిడ్ లాంటి పెద్ద జ్వరం వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు అయిన మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. దానికి కారణం చుండ్రు కాదు. ఆ జుట్టు చాలావరకు మళ్ళీ వస్తుంది.

ఇక ముఖ్యమైన సంగతి. చుండ్రులా కనిపించేవన్నీ చుండ్రు కావు.

నెలల పిల్లల మాడు మీద పసుపుపచ్చగా జిడ్డు పక్కు కడుతుంది. భయం లేదు, కొద్ది నెలల్లో దానంతట అదే పోతుంది. గోటితో గీకకండి. కాస్త నూనె రాసి, మెత్తబడ్డాక పసిపిల్లల షాంపూతో కడిగి, మెత్తని బ్రష్షుతో తియ్యండి.

బడికి వెళ్ళే పిల్లల తలలో తెల్లగా కనిపిస్తే, వెంట్రుకని పట్టుకుని లాగి చూడండి. పొట్టు అయితే జారి వస్తుంది. ఈపులు, కొందరు ఈళ్ళు అంటారు, అవి వెంట్రుకకి జిగురుతో అంటుకుని కదలవు. దానికి పేల మందు, సన్న పళ్ళ దువ్వెన కావాలి.

అదే పిల్లల తలలో ఒకచోట గుండ్రంగా పొట్టు లేచి, అక్కడ వెంట్రుకలు మొదలంటా తెగిపోయి ఉంటే, మెడ వెనక చిన్న గడ్డలు చేతికి తగిలితే, అది చుండ్రు కాదు, తలకి పట్టిన తామర. ఇది అంటువ్యాధి. దువ్వెన, టోపీ, తువ్వాలు ద్వారా ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. కుక్కపిల్లల నుంచి, పిల్లిపిల్లల నుంచి కూడా రావచ్చు. పైన రాసే మందు చాలదు, డాక్టరు చెప్పిన మందు కొన్ని వారాలపాటు నోటితో మింగాలి. చుండ్రే కదా అని నూనెలు రాస్తూ కూర్చుంటే, అది వాచి చీము పట్టి, ఆ చోట జుట్టు ఇంకెప్పటికీ మొలవకుండా పోవచ్చు. పదేళ్ళ లోపు పిల్లలకి చుండ్రు అరుదు. అందుకని ఆ వయసులో పొట్టు కనిపిస్తే, దయచేసి వైద్యుడికి చూపించండి. ఈ ప్రసంగంలో మీరు ఒక్కటే గుర్తు పెట్టుకునేటట్లయితే, ఇది గుర్తు పెట్టుకోండి.

పెద్దవాళ్ళలో పొట్టు దళసరిగా, వెండి రేకుల్లా ఉండి, నుదుటి మీదికి దిగి, మోచేతుల మీద, మోకాళ్ళ మీద కూడా ఉంటే అది సొరియాసిస్ కావచ్చు. తలకి రంగు వేసుకున్నాక దురద, చెవుల వెనక రసి, కళ్ళ వాపు కనిపిస్తే అది రంగు పడకపోవడం. ఆ రంగు ఇక వాడకూడదు. ఏ కొత్త రంగు కొన్నా ముందు చెవి వెనక ఒక చుక్క రాసి, రెండు రోజులు చూసి, ఏమీ కాకపోతేనే తలకి వేసుకోండి. కనుబొమల్లో, ముక్కు పక్కల, చెవుల వెనక ఎర్రబడి జిడ్డుగా పొట్టు రాలుతుంటే, అది చుండ్రుకి పెద్దక్క లాంటి జబ్బు. వణుకుజబ్బు ఉన్న ముసలివాళ్ళలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. డాక్టరు ఇచ్చే మందుతో బాగా తగ్గుతుంది. కాని ఒకసారి రాసిచ్చిన స్టిరాయిడ్ లోషన్ని ఏళ్ళ తరబడి దుకాణంలో మీ అంతట మీరు కొని వాడకండి, చర్మం పలచబడిపోతుంది.

నాలుగు వారాలు నేను చెప్పిన పద్ధతిలో వాడినా తగ్గకపోయినా, తలలో పుండ్లు, రసి, చీము కనిపించినా చర్మవైద్యుల దగ్గరకు వెళ్ళండి. ఇంత చిన్నదానికా అని మొహమాటపడకండి.

ఇంట్లో ఎదుగుతున్న ఆడపిల్ల ఉంటే, ఆమెతో చుండ్రు మాట ఎత్తేటప్పుడు "శుభ్రం లేదు" అన్న మాట మాత్రం అనకండి. పెద్దవాళ్ళలో సగంమందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చేదే. ఇది తన తప్పు కాదని, వారానికి రెండుసార్లు ఐదేసి నిమిషాల పని అని చెప్పండి. మొదటి రెండుసార్లు పాపిడి తీసి మీరే పట్టించండి. చుట్టాలెవరైనా నూనె పెట్టడం లేదేమని అడిగితే, పెట్టాల్సిన చోటే పెడుతున్నామని నవ్వుతూ చెప్పండి.